ఇసుకలో పూసే ఆకలి

మైపాడు ఒడ్డు. తెల్లారి ఆరున్నర. సంక్రాంతి వెళ్ళి రెండు వారాలైంది. సముద్రం కుడితి తాగి పడుకున్న గేదెలా నింపాదిగా ఉంది. ఇసుక మీదికి లాగిన ఫైబర్ పడవ పక్కన నలుగురు కూర్చుని పీతల వల విడదీస్తున్నారు. పీతలు బుట్టలోకి పోతున్నాయి. వాటితో పాటు చిక్కిన అమ్ముడుపోని సరుకంతా, అంటే విరిగిన చిప్పలు, నక్షత్ర చేపలు, ముళ్ళ శంఖులు, చూడకుండానే వెనక్కి ఇసుకలోకి పోతున్నాయి. అట్లా విసిరిన శంఖు ఒకటి నా కాలి దగ్గర పడింది. దాని వీపు మీద మూడు ముద్దలు. ఉడికీ ఉడకని సగ్గుబియ్యం ముద్దకి గోధుమ రంగు పూసినట్టున్నాయి. వేలు పెడితే జారిపోతున్నాయి.

"దాన్నేం జేసుకుంటారు సార్, పారెయ్యండి. ముంజేతికి తగిల్తే దురదబెడతాది," అన్నాడు వల విడదీస్తున్న పెద్దాయన, తలెత్తకుండానే.

దీన్ని మీరేమంటారని అడిగాను.

"ఏమంటాం? అమ్ముడుబోదు గదా. దానికి పేరెందుకు?"

న్యాయమైన మాటే. నెల్లూరు తీరంలో చేపలకి ఎన్ని పేర్లున్నాయో లెక్క పెట్టలేం. ఒకే చేపకి పిల్లగా ఉన్నప్పుడొక పేరు, ఎదిగాక ఇంకో పేరు. వండనిదానికి, అమ్మనిదానికి పేరు పెట్టే తీరిక ఎవరికుంటుంది? టీకొట్టు దగ్గర ఒక బకెట్టు అడిగి తెచ్చుకుని, సముద్రపు నీళ్ళు నింపి, శంఖుని అందులో దించి, తాటాకు పందిరి నీడన కూర్చున్నాను.

పావుగంట దాకా ఏమీ లేదు. తర్వాత శంఖు మూతిలోంచి రెండు కళ్ళు, కాడల మీద, బయటికొచ్చి నన్ను చూసి లోపలికి పోయాయి. లోపల శంఖు సొంతదారు ఎప్పుడో చచ్చిపోయింది. ఇప్పుడున్నది సన్యాసి పీత. ఇంకో పావుగంటకి పైనున్న ముద్దల్లో పెద్దదానికి నడినెత్తిన చిన్న గుంట పడింది. గుంట వెడల్పయింది. అంచు నుంచి సన్నటి వేళ్ళు ఒకటి, పది, వంద, తడి ఆరబెట్టుకుంటున్న జుట్టులా బయటికి జారాయి. ముద్ద మెల్లగా పైకి లేచి కాడ అయింది. కాడ మీద పువ్వు విచ్చుకుంది. రేకులు పాలలో కాస్త పసుపు కలిపిన రంగు, చివరలకి వెళ్ళేసరికి అద్దం. టీకొట్టు అబ్బాయి గ్లాసులు కడగడం ఆపి వచ్చి నిలబడ్డాడు.

మన పాఠ్యపుస్తకాలు దీన్ని సముద్ర ఎనిమోన్ అన్నాయి. కొందరు సముద్ర కుసుమం అని రాశారు. ఎనిమోన్ అనేది తోటల్లో పెంచే ఒక పువ్వు పేరు, గ్రీకులో గాలికున్న మాట నుంచి వచ్చింది. అంటే గాలిపువ్వు. గాలే తగలని చోట బతికేదానికి ఈ పేరు బాగా కుదిరింది! నేను కడలిపువ్వు అంటాను. తెలుగు నోటికి సుఖంగా ఉంటుంది. ఇంటర్మీడియెట్‌లో జంతుశాస్త్రం చదివినవాళ్ళకి ఆడమ్సియా, సన్యాసి పీతల జంట గుర్తుండే ఉంటుంది. సహజీవనానికి ఉదాహరణ రాయమంటే తరగతి తరగతంతా అదే రాసి మార్కులు తెచ్చుకునేవాళ్ళం. ఆ ఆడమ్సియా యూరప్ సముద్రాలది. శంఖు మీద కూర్చున్న తీరుని బట్టి మా బకెట్టులో ఉన్నది దాని దాయాది, కాలియాక్టిస్. ఎప్పుడో పుస్తకంలో బట్టీ పట్టిన జంట మైపాడు వలలో పడి ఇసుకలోకి పోతోందని తెలియడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

పువ్వు కాదు, జంతువు. జెల్లీ చేపకి, పగడానికి చుట్టం. దేహమంతా కలిపి ఒక సంచీ. కింద పట్టుకోవడానికి పీఠం, పైన పళ్ళెం, పళ్ళెం నడుమ నోరు, చుట్టూ రేకుల్లాంటి స్పర్శకాలు. లోపలికి పోయేదీ బయటికొచ్చేదీ ఆ ఒక్క నోటి గుండానే. మెదడు లేదు, గుండె లేదు, రక్తం లేదు. ఒళ్ళంతా పరుచుకున్న నరాల వల మాత్రం ఉంది. ఎముక కూడా లేదు, నీళ్ళే దానికి ఎముక. నోటి మూల ఒక గాడి ఉంటుంది. అందులో కంటికి కనబడని వెంట్రుకలు ఆగకుండా ఆడుతూ నీటిని లోపలికి తోడుతుంటాయి. ఆ నీళ్ళు నిండితే నిలబడుతుంది, వదిలేస్తే ముద్దవుతుంది. పావుగంటల తరబడి నేను కాచుకున్నది ఆ నీళ్ళు నిండడం కోసమే.

ఇక తిండి. నెల్లూరులో రొయ్యకి కొదవా? ఒక వెనామీ రొయ్య తోకని పెంకుతో సహా గోరంత తుంచి, చీపురు పుల్లకి గుచ్చి, రేకుల అంచుకి తాకించాను. అంతకు ముందే ఒట్టి పుల్లతో తాకి చూశాను. కొంచెం ముడుచుకుని మళ్ళీ విచ్చుకుంది, అంతే. రొయ్య తగలగానే కథ మారింది. తగిలిన మూడు రేకులు అతుక్కుపోయాయి. పుల్ల వెనక్కి లాగితే బంక సాగినట్టు సాగాయి. పక్క రేకులు వంగాయి. వాటి పక్కవి వంగాయి. తొందరేమీ లేదు. పెళ్ళిపందిట్లో పెద్దవాళ్ళు ఒకరి వెనక ఒకరు అక్షింతలకి లేచినట్టు, వంతులవారీగా లేచి ఆ ముక్కని నోటి వైపు నెట్టాయి. పళ్ళెం అంచు ఒకవైపు ఎత్తుగా లేచింది. నోరు ముందుకి పొడుచుకొచ్చి ముక్క మీదికి బోర్లింది.

ఆ మెత్తని వ్యవహారం వెనక ఉన్న ఆయుధం మాత్రం మెత్తనిది కాదు. ఒక్కో రేకు మీద వేల కొద్దీ దంశ కణాలు. ఒక్కో కణంలో ఒక గుళిక. గుళికలో చుట్టలు చుట్టి దాచిన బోలు దారం, దాని మొదట్లో ముల్లు. గుళిక లోపలి ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 150 రెట్లు. కారు టైరులో ఉండేది రెండు మూడు రెట్లే. కణం మీది మీట కదిలితే మూత తెరుచుకుని దారం లోపలిది బయటికి తిరగబడుతూ దూసుకొస్తుంది, చొక్కా చెయ్యి తిరగేసినట్టు. దీనికి చుట్టమైన మంచినీటి హైడ్రాలో జర్మనీ శాస్త్రవేత్తలు ఆ వేగాన్ని 2006లో కొలిచి చూశారు. ముల్లు బయటపడడానికి పట్టింది 700 నానోసెకన్లు, అంటే సెకనులో పది లక్షల వంతు కూడా కాదు. ఆ క్షణంలో దాని త్వరణం భూమ్యాకర్షణకి 50 లక్షల రెట్లు దాటింది. జంతులోకంలో ఇంతకన్నా వేగమైన కదలికలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. అది జరుగుతున్నది రోజంతా ఒకే చోట కూర్చునే ప్రాణిలో!

ఒక గుళిక ఒక్కసారే పేలుతుంది. మళ్ళీ కొత్తది తయారుచేసుకోవాలి. కాబట్టి దుబారా కుదరదు. ఒట్టి పుల్లకి రేకులు బద్ధకించడానికి కారణం అదే. 1989లో వెలువడిన ఒక పరిశోధన ఇందులోని నేర్పుని బయటపెట్టింది. ఎర ఒంటి నుంచి నీటిలో కలిసిన రసాయనాలు తగిలితే, కణం మీది మీటలు ఈదే ప్రాణి పుట్టించే అదురుకి సరిపోయేలా తమని తాము శ్రుతి చేసుకుంటాయి. వాసన వీణని బిగిస్తుంది, కదలిక తీగని మీటుతుంది. రెండూ కలిస్తేనే బాణం. విషం బాణాలు కాక, బంక దారాలు విసిరే గుళికలు వేరే ఉన్నాయి. పుల్ల లాగినప్పుడు సాగినవి అవే. మన అరచేతి తోలు మందం, వేలు పెడితే జిగటగా తోస్తుంది అంతే. ముంజేతి లోపలి తోలు పలచన. పెద్దాయన లెక్క తప్పలేదు.

పది నిమిషాల్లో ముక్క మాయమైంది. ఆలోగా కింది నుంచి సన్యాసి పీత ఒక డెక్క పైకి చాచి రెండుసార్లు వెతికింది. తనకీ వాటా కావాలి కదా. దొరకలేదు. ఏమీ ఎరగనట్టు డెక్క లోపలికి తీసుకుంది.

ఈ ఇద్దరి కాపురం గురించి పాఠ్యపుస్తకం చెప్పింది ఒక ముక్కే. పీతకి కాపలా, పువ్వుకి ప్రయాణం, మిగిలిన తిండి. చెప్పనిది ఇల్లు మారే రోజు సంగతి. పీత ఎదిగి శంఖు ఇరుకైతే పెద్ద శంఖు వెతుక్కుంటుంది. కొత్త ఇంట్లోకి మారాక పాత ఇంటి మీది కడలిపువ్వు దగ్గరికొచ్చి కాళ్ళతో, డెక్కలతో దాని మొదట్లో తడుతుంది, నొక్కుతుంది. ఎంత లాగినా, చిరిగిపోవడానికైనా సిద్ధపడుతుంది గానీ పట్టు వదలని ఆ పీఠం, పీత తట్టేసరికి దానంతటదే వదులవుతుంది. పీత దాన్ని ఎత్తి కొత్త శంఖుకి ఆనించి, అంటుకునేదాకా పట్టుకుంటుంది. సామాన్లతో పాటు తులసికోట మోసుకెళ్ళే ఇల్లాళ్ళు గుర్తొస్తారు నాకు. ఇంత శ్రమా ఎందుకంటే ఆక్టోపస్ భయం. శంఖులోంచి పీతని లాగి తింటుంది అది. కడలిపువ్వులున్న శంఖు మీద చెయ్యి వేస్తే చురుక్కుమని వెనక్కి పోతుంది. ఆక్టోపస్ వాసన కలిసిన నీళ్ళలో ఉంచితే సన్యాసి పీతలు తమ శంఖు మీద ఇంకా ఎక్కువ కడలిపువ్వుల్ని ఎక్కించుకుంటాయని ప్రయోగాల్లో చూశారు.

దీన్ని మించిన జాణ ఇంకొకటుంది, మన ఒడ్డుది కాదు, పగడాల సముద్రాలది. లిబియా అనే బుల్లి పీత. చెరో డెక్కలో ఒక కడలిపువ్వుని పట్టుకుని కుస్తీవాడిలా తిరుగుతుంది. ఒకటి పోతే మిగిలినదాన్ని రెండుగా చించుకుంటుంది. రెండు ముక్కలూ కొద్దిరోజుల్లో రెండు నిండు పువ్వులవుతాయి.

బొమ్మల సినిమాలో నారింజ రంగు చారల చేప కాపురముండే కడలిపువ్వు కోసం మాత్రం మా దగ్గరికి రాకండి. దానికి పగడాల సీమ కావాలి, తేట నీళ్ళు కావాలి. మా తీరం వేరు. కావలి దగ్గరి తుమ్మలపెంట నుంచి దక్షిణాన తూపిలిపాళెం దాకా నడిచి చూడండి, కాలికి రాయి తగలదు. పెన్న తెచ్చి పోసిన ఇసుక, చిన్న చిన్న ఏళ్ళు తెచ్చి పోసిన ఇసుక, దాన్ని ప్రతి అలా ఎత్తి ఇంకో చోట పోస్తుంది. విశాఖ పిల్లలకి రాళ్ళ మధ్య నీటిగుంటల్లో పాటు సమయంలో కడలిపువ్వులు కనబడతాయి. మా పిల్లలకి ఆ భాగ్యం లేదు. పట్టు దొరికితే తప్ప బతకలేని ప్రాణి, పట్టే లేని తీరం. ఈ ముడి ఎట్లా విడిందన్నదే నన్ను మైపాడు దాకా తీసుకొచ్చింది.

నడిచే రాయిని పట్టుకోవడం ఒక దారి. బకెట్టులో ఉన్నది అదే. మనిషి వేసిన రాయిని పట్టుకోవడం ఇంకో దారి. 2008లో మొదలైన కృష్ణపట్నం కొత్త రేవుకి అలల్ని ఆపే రాతికట్టలు సముద్రంలోకి పోశారు. రాయి పడితే దాని మీదికి ముందు బార్నకిల్స్, తర్వాత ఆలిచిప్పలు, వాటి సందుల్లో కడలిపువ్వులు. సాధారణంగా వరస ఇదే.

మూడో దారి నాకు అన్నిటికన్నా ఇష్టం. రాయే అక్కర్లేదనుకోవడం. ఇసుకలో, బురదలో బతికే కడలిపువ్వులకి అడుగున చదునైన పీఠం ఉండదు. దేహం వానపాములా పొడుగ్గా ఉండి చివర బుడగలాంటి తిత్తి ఉంటుంది. తిత్తిని సన్నగా చేసి ఇసుకలోకి దింపుతుంది, లోపల నీళ్ళతో ఉబ్బిస్తుంది. అదే లంగరు. ఒళ్ళంతా పూడిపోయి, రేకులు మాత్రం ఇసుక మట్టానికి ముగ్గేసినట్టు పరుచుకుంటాయి. అడుగు చప్పుడైతే ముగ్గు చెరిగిపోతుంది, చిన్న గుంట మిగులుతుంది. మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా మీటరుకి అటూ ఇటూ, కాబట్టి బయటపడే నేలే తక్కువ. ఇసుకలో వేలంత గుంటలు ఎన్నో చూసి పీత బొక్కలని దాటి వెళ్ళిపోయాం. అన్నీ పీత బొక్కలు కావు.

ఇంకా దక్షిణానికి పోతే పులికాట్. చిలిక తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. అక్కడ బురదలో కొయ్యలు పాతి వల కట్టి, పోటు నీటితో వచ్చిన రొయ్య పాటు నీటితో పోయేలోగా పట్టుకునే వాళ్ళని చూశాను. వాళ్ళు ఎర వెనక పరుగెత్తరు. నీరు వచ్చే దారి తెలుసుకుని దానికి అడ్డంగా కాచుకుంటారు. కడలిపువ్వు పని చేసేదీ ఇదే పద్ధతిలో. అయితే కొయ్య పాతినవాళ్ళకి ఇల్లుంది, పులికాట్ నీళ్ళు చెడితే వెళ్ళి కూర్చోవచ్చు. ఆ నీళ్ళు ఏడాదంతా ఒకలా ఉండవు. ఈశాన్య రుతుపవనాల వానకి చప్పబడతాయి, ఎండాకాలానికి సముద్రాన్ని మించి ఉప్పెక్కుతాయి. అక్కడ కూర్చుని ఉండేదానికి రెంటినీ ఓర్చుకోవడం తప్పదు. నోరు మూసి, ముడుచుకుని, జిగురు కప్పుకుని రోజులు గడుపుతుంది.

ఇట్లాంటి ఉప్పుటేటి కడలిపువ్వుల్ని పట్టుకుని చదివినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తొలి డైరెక్టరు నెల్సన్ అనండేల్ చిలికలో దొరికినవాటిని 1915లో వర్ణించాడు. ఆ తర్వాత మద్రాసులో ఎన్. కేశవ పణిక్కర్. నెల్లూరు మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజులవి. 1937లో ఆయన మద్రాసు ఉప్పుటేళ్ళ నుంచి ఒక కొత్త కడలిపువ్వుని ప్రకటించాడు. పేరు బొలొసెరాక్టిస్ గోపాలై. దాని వింత ఏమిటంటే, ఈదుతుంది. పట్టు దొరక్కపోతే వెతుక్కుంటూ పోతుందన్నమాట. ఉప్పు మారే నీళ్ళలో రొయ్యలు ఒంట్లో ఉప్పుని ఎట్లా సర్దుకుంటాయో చదివినవాడూ ఆయనే. 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పుట్టినప్పుడు తొలి డైరెక్టరయ్యాడు. నెల్లూరు రొయ్యల చెరువుల గట్ల మీద ఉప్పు కొలిచే మీటరు పట్టుకు తిరిగే కుర్రాళ్ళకి ఆ పేరు తెలియాల్సిన అవసరం లేదుగానీ, తెలిస్తే బాగుండును.

బురద కడలిపువ్వుల్లో నెమటోస్టెల్లా అనే వేలెడంతది ఉంది, అట్లాంటిక్ తీరాల ఉప్పు బురదలది. ప్రయోగశాలలకి పెంపుడు పిల్ల. 2020లో దాని గురించి ఒక సంగతి తెలిసింది. బాగా తింటే దానికి కొత్త స్పర్శకాలు మొలుస్తాయి. తిండి తగ్గితే మొలవడం ఆగిపోతుంది. ఎన్ని చేతులుండాలో పుట్టుకతో రాసిపెట్టి లేదు, కడుపు నిండినదాన్ని బట్టి చేతులు. తిండి అసలే దొరక్కపోతే ఈ జాతి జీవులు చచ్చిపోవడానికి తొందరపడవు, కుంచించుకుపోతాయి. తిండి దొరికాక మళ్ళీ ఎదుగుతాయి.

నా పువ్వు ఇష్టంగా తిన్న రొయ్య అందరికీ పడదు. తిన్న అరగంటకే ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడక ఆస్పత్రికి పరుగెత్తేవాళ్ళు ఉంటారు. రొయ్యల జిల్లాలో రొయ్య పడని మనిషి బాధ చెప్పనలవి కాదు. ఆ జబ్బుకి పేరొచ్చింది కడలిపువ్వు వల్ల. 1901లో మొనాకో రాజు ఆల్బర్ట్ నౌకలో వెళ్ళిన షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఫ్రెంచివాళ్ళు జెల్లీ చేపని పోలిన ఒక జీవి విషం మీద పని మొదలుపెట్టారు. పారిస్‌కి తిరిగొచ్చాక అది దొరక్క, కడలిపువ్వు స్పర్శకాల విషంతో కుక్కల మీద ప్రయోగం సాగించారు. చిన్న మోతాదు ఇచ్చి అలవాటు చేస్తే తట్టుకుంటాయేమోనన్నది వాళ్ళ ఆశ. మొదటి మోతాదుకి కోలుకున్న నెప్ట్యూన్ అనే కుక్కకి మూడు వారాలు దాటాక మళ్ళీ కొంచెమే ఇచ్చారు. 25 నిమిషాల్లో చచ్చిపోయింది. రక్షణ ఏర్పడాల్సింది పోయి ఒళ్ళే శత్రువైంది. దానికి 1902లో వాళ్ళు పెట్టిన పేరు అనాఫిలాక్సిస్. రిషేకి 1913లో నోబెల్ వచ్చింది. నెప్ట్యూన్‌కి ఏమీ రాలేదు.

ఆయుష్షు మాట వస్తే ఎడింబరో ముసలమ్మ కథ చెప్పకుండా ఉండలేను. 1828లో జాన్ డేలియల్ అనే ఆయన స్కాట్లండ్ ఒడ్డున ఒక ఎర్రటి కడలిపువ్వుని పట్టుకొచ్చి గాజుపాత్రలో పెట్టుకున్నాడు. అప్పుడప్పుడూ ఆలిచిప్ప మాంసం ముక్క పెట్టడం, నీళ్ళు మార్చడం, అంతే సేవ. 1851లో ఆయన పోయాడు. పువ్వు చేతులు మారింది, చూసుకునే పెద్దమనుషులు ఒకరొకరే పోయారు, పువ్వు మాత్రం పిల్లల్ని కంటూ కూర్చుంది. అందరూ దానికి గ్రానీ అని పేరు పెట్టారు. మా నెల్లూరు తీరం వెంట సాగే కాలువకి 1878లో బకింగ్‌హామ్ దొర పేరు పెట్టేనాటికి ఆ పువ్వు గాజుపాత్రకొచ్చి యాభై ఏళ్ళు. 1887లో కన్నుమూస్తే పత్రికలో మరణవార్త వేశారు. అమ్ముడుపోని దానికీ పేరొచ్చిన సందర్భం అదొకటే నాకు తెలిసి.

సాయంత్రం బకెట్టు నీళ్ళు మార్చి, మైపాడులో తెలిసినవాళ్ళింట్లోనే ఆగిపోయాను. రాత్రి టార్చి వేసి చూస్తే ముద్దలు మూడూ ముడుచుకుని ఉన్నాయి. పీత మాత్రం శంఖు ఈడ్చుకుంటూ బకెట్టు గోడ వెంట ప్రదక్షిణాలు చేస్తోంది. గోడకి గీసుకుంటున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

తెల్లారి చూస్తే పెద్ద పువ్వు విచ్చుకుని ఉంది. బకెట్టు అడుగున, పల్చటి జిగురులో చుట్టి, రొయ్య పెంకు. లోపల మాంసం పీచు కూడా లేదు. కడిగి ఆరేసినట్టు, చారలతో సహా, అద్దంలా ఉంది. మింగిన నోటితోనే బయట పెట్టేసింది. పీత దాన్ని డెక్కలతో తిప్పి తిప్పి చూసి వదిలేసింది.

పెద్దాయన పడవ దించడానికి వచ్చాడు. బకెట్టులోకి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది అదేనా సార్? నిన్న ముద్దగా ఉండిందే."

అదే అన్నాను.

"ఏం బెట్టారు?"

"రొయ్య."

"రొయ్యా!" నవ్వాడు. "దాని యోగం."

బకెట్టు నా చేతిలోంచి తీసుకుని తనే నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళు దాటి, అల విరిగే చోటు దాటి, నడుముల్లోతు దాకా పోయాడు. విసరలేదు. వంగి, రెండు చేతులతో అడుక్కి దించి వచ్చాడు.